సంతకాలతో చట్టం: వాడకు మేలా, కీడా?

(కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును వీలైనంత వరకు అలాగే ఉంచి అచ్చువేస్తున్నాం.)



నాకు ఇచ్చిన అంశం ప్రజలే చట్టాన్ని ప్రతిపాదించే హక్కు. పేరు పెద్దదిగా ఉంది గానీ విషయం కష్టమైంది కాదు. ఎమ్మెల్యేలు చట్టం చేస్తారు, మనం పాటిస్తాం. మనకు తెలిసిన పద్ధతి ఇదే. కొన్ని దేశాల్లో ఇంకో దారి కూడా ఉంది. మామూలు మనుషులే ఒక కాగితం మీద "మా ఊరికి ఈ చట్టం కావాలి" అని పూర్తిగా రాస్తారు. దాని కింద ఓటర్ల సంతకాలు సేకరిస్తారు. సంతకాలు లెక్కకు సరిపోతే ఆ కాగితాన్నే ఎన్నికల రోజు ఓటుకు పెడతారు. అవును అన్న ఓట్లు ఎక్కువ వస్తే అదే చట్టం. మధ్యలో ఏ నాయకుడి గుమ్మం ముందూ పడిగాపులు పడనక్కర్లేదు.

వినడానికి బాగుంది కదా? అప్పుడే కొందరు తలలూపుతున్నారు. కాస్త ఆగండి. ఇది సగం కథే. రెండో సగం విన్నాక ఊపుదురు గాని.

స్విట్జర్లాండులో ఇది పాత పద్ధతి. అమెరికాలో మొదట దక్షిణ డకోటా రాష్ట్రం 1898లో తెచ్చుకుంది. 1902లో ఓరెగన్, 1911లో కాలిఫోర్నియా తెచ్చుకున్నాయి. ఎందుకు తెచ్చుకున్నాయి? కాలిఫోర్నియాలో ఆ రోజుల్లో రైలు కంపెనీదే రాజ్యం. శాసనసభ్యులు దాని జేబులో ఉండేవాళ్ళు. మనం ఎన్నుకున్న వాళ్ళు అమ్ముడుపోతే ఏం చేయాలి అన్న ప్రశ్నలోంచి పుట్టింది ఈ దారి. ఆ ప్రశ్న మనకు కొత్తదేం కాదు.

ముందు మేలు జరిగిన కథ చెప్తాను. కూలీల కథ కాబట్టి వివరంగానే చెప్తాను.

అమెరికాలో సియాటిల్ అని పెద్ద నగరం ఉంది. మన తెలుగు పిల్లలు కంప్యూటర్ ఉద్యోగాలకు పోయేది అక్కడికే. ఆ నగరానికి విమానాశ్రయం ఉన్న చిన్న పట్టణం పేరు సీటాక్. అప్పట్లో జనాభా సుమారు 27 వేలు. విమానాల్లోంచి సామాన్లు దించేవాళ్ళు, చక్రాల కుర్చీలు తోసేవాళ్ళు, హోటళ్ళలో పక్కలు మార్చేవాళ్ళు, వీళ్ళంతా ఆ చుట్టుపక్కలే ఉంటారు. సోమాలియా నుంచి, ఇథియోపియా నుంచి, ఇంకా చాలా దేశాల నుంచి బతకపోయిన వాళ్ళు చాలామంది. 2005లో ఒక విమాన కంపెనీ, యూనియన్‌లో ఉన్న దాదాపు 500 మంది సామాన్ల కూలీలను ఒక్కసారిగా తీసేసి పనిని కాంట్రాక్టుకు ఇచ్చేసింది. అప్పటిదాకా గంటకు 13 డాలర్లు వచ్చే పనికి కొత్తవాళ్ళకు 9 డాలర్లు ఇచ్చారు. పని అదే, మూట అదే, నడుము అదే. కూలి మాత్రం తగ్గింది. కాంట్రాక్టు పేరుతో కూలి కోసేయడం మన మునిసిపాలిటీల్లో పారిశుధ్య కార్మికులకు ఎవరూ చెప్పక్కర్లేదు.

వాళ్ళు కంపెనీని అడిగి చూశారు. కదలలేదు. 2013లో ఈ సంతకాల దారి పట్టారు. చట్టం ముసాయిదా వాళ్ళే రాయించుకున్నారు. విమానాశ్రయంలోనూ, దాని మీద ఆధారపడిన పెద్ద హోటళ్ళలోనూ పనిచేసేవాళ్ళకు గంటకు 15 డాలర్లు కనీస కూలి. ఆ ఏడాది వాషింగ్టన్ రాష్ట్రమంతటా ఉన్న కనీస కూలి 9 డాలర్ల 19 సెంట్లు. అంటే ఒక్క దెబ్బకు ఆరు డాలర్ల చొప్పున పెంచమని అడిగారు. దాంతోపాటు జబ్బు చేస్తే కూలి పోకుండా సెలవు, ధరలు పెరిగినప్పుడల్లా కూలి పెరగడం, కొత్తవాళ్ళను పెట్టుకునే ముందు ఉన్నవాళ్ళకు పూర్తి పని ఇవ్వడం కూడా రాశారు.

ఓటుకు పెట్టాలంటే 1,536 ఓటర్ల సంతకాలు కావాలి. వాళ్ళు అంతకంటే చాలా ఎక్కువే తెచ్చారు. ఇక్కడ కార్యకర్తలు చెవి పెట్టి వినాలి. అవతలి పక్షం కోర్టుకు పోయింది. కొందరు రెండుసార్లు సంతకం పెట్టారు, కాబట్టి వాళ్ళ సంతకాలు రెండూ చెల్లవు అని వాదించింది. అప్పటి రూలు అలాగే ఉంది. కింది కోర్టు వాటిని కొట్టేసింది. లెక్క గీతకు కొద్దిలో కిందికి పోయింది. పిటిషన్ చచ్చింది అనుకున్నారు. పై కోర్టు ఆ రూలు తప్పని, రెండిట్లో ఒక సంతకం లెక్కలోకి వస్తుందని చెప్పింది. పిటిషన్ బతికింది. ఎవరి కుట్రా అక్కర్లేదు, మన మనిషి ఉత్సాహంతో రెండోసారి వేలిముద్ర వేసినా చాలు, మొత్తం పని మూలపడేదే.

2013 నవంబరులో ఓటింగు. రెండు వైపులా కలిపి దాదాపు 20 లక్షల డాలర్లు ఖర్చయ్యాయట. పడ్డ ఓట్లు ఆరు వేల చిల్లర! అవును అన్నవి 3,040. కాదు అన్నవి 2,963. తేడా 77. మళ్ళీ లెక్కపెట్టినా తేడా అదే. అంతకుముందు వాళ్ళు చేసిన ఒక పని గురించి చెప్పకపోతే ఈ 77 అర్థం కాదు. ఓటు హక్కు వచ్చి కూడా జాబితాలోకి ఎక్కని వలస కుటుంబాలను గడప గడపకూ తిరిగి వందల సంఖ్యలో జాబితాలోకి ఎక్కించారు. ఉపన్యాసాల కంటే ఆ పనే గెలిపించిందని నా అభిప్రాయం.

గెలిచాక కథ అయిపోయిందా? లేదు. విమానాశ్రయం భూమి పట్టణానిది కాదు, రేవు సంస్థది, కాబట్టి పట్టణం చట్టం అక్కడ చెల్లదని ఇంకో కేసు. కింది కోర్టు అవునంది. దాంతో 2014 జనవరి నుంచి బయటి హోటళ్ళ వాళ్ళకు 15 డాలర్లు వచ్చాయి, లోపల మూటలు మోసేవాళ్ళకు రాలేదు. పోరు మొదలుపెట్టిందేమో లోపలి వాళ్ళు! 2015 ఆగస్టులో రాష్ట్ర సుప్రీంకోర్టు 5 మంది ఒక వైపు, 4 మంది ఒక వైపు చీలి, చట్టం విమానాశ్రయానికి కూడా వర్తిస్తుందని తీర్పిచ్చింది. ఓటు వేయడానికి ఒక రోజు. దాన్ని కూలీ చేతిదాకా తేవడానికి దాదాపు రెండేళ్ళు.

ఇదీ మొదటి సగం. కూలీలు తామే చట్టం రాసుకున్నారు, గెలుచుకున్నారు. ఇప్పుడు రెండో సగం.

అదే అమెరికా, అదే పద్ధతి. కాలిఫోర్నియా రాష్ట్రం, 1963. నల్లవాళ్ళకు ఇల్లు అద్దెకివ్వం, అమ్మం అనడం నేరమని రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది. తెచ్చినాయన రంఫోర్డ్ అనే నల్లజాతి సభ్యుడు. ఇళ్ళ వ్యాపారులకు అది నచ్చలేదు. వాళ్ళేం చేశారు? సంతకాలు సేకరించారు! ఎవరి ఇల్లు ఎవరికివ్వాలో ఇంటి యజమాని ఇష్టం, రాష్ట్రం వేలు పెట్టకూడదు అని రాజ్యాంగ సవరణే రాసి 1964 నవంబరులో ఓటుకు పెట్టారు. దాని పేరు ప్రతిపాదన 14. నూటికి 65 మంది అవును అన్నారు. ఇంకో విచిత్రం చూడండి. పౌరహక్కుల చట్టం మీద సంతకం పెట్టిన జాన్సన్‌ను అదే రోజు అదే జనం భారీ మెజారిటీతో అధ్యక్షుడిగా గెలిపించారు. దేశానికి న్యాయం కావాలి గానీ మా వీధిలోకి మాత్రం రావద్దు అన్నట్టు. ఊళ్ళో మన పిల్లలకు పుస్తకాలు పంచిన పెద్దమనిషే ఇల్లు అద్దెకు అడిగితే కులం అడగడం మనం చూడలేదా?

ఆ సవరణను 1966లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, 1967లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేశాయి. జనం ఓటేసినంత మాత్రాన సమానత్వ హక్కు పోదు అన్నాయి. ఆ సారి బతికాం. 1996లో బతకలేదు. ప్రతిపాదన 209 అని, ప్రభుత్వ ఉద్యోగాల్లో, కాలేజీల్లో, కాంట్రాక్టుల్లో జాతిని బట్టి, ఆడా మగా తేడాను బట్టి ఏ ప్రాధాన్యతా ఇవ్వకూడదని సంతకాలతో ఓటుకు తెచ్చారు. మన మాటల్లో చెప్పాలంటే రిజర్వేషన్లకు దగ్గరగా ఉన్న ఏర్పాట్లను ఎత్తేయడం. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరేమిటో తెలుసా? పౌరహక్కుల ప్రతిపాదన! నూటికి 54 మందికి పైగా అవునన్నారు. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్ విశ్వవిద్యాలయాల్లో నల్లజాతి పిల్లల చేరికలు పడిపోయాయి. 2020లో దాన్ని తీసేయాలని మళ్ళీ ఓటుకు పెడితే నూటికి 57 మంది వద్దన్నారు. అది నేటికీ చట్టమే.

మిత్రులారా, ఇప్పుడు చెప్పండి. రేపు మన దేశంలో ఇలాంటి హక్కు వస్తే ముందుగా సంతకాలు సేకరించేది ఎవరు? మన కనీస కూలి కోసం మనమా, రిజర్వేషన్లు తీసేయమని వాళ్ళా? జీపులు ఎవరికున్నాయి? పత్రికలు, టీవీలు ఎవరివి?

ఇది బయటి దేశం భయం కాదు. మన చరిత్రలోనే ఉంది. మహద్ చెరువు సంగతి మీకు తెలుసు. 1923లో బొంబాయి శాసన మండలి, ప్రభుత్వ సొమ్ముతో ఉన్న నీళ్ళ తావులు అందరివీ అని తీర్మానించింది. 1924లో మహద్ మునిసిపాలిటీ తన చెరువు అంటరానివాళ్ళకు కూడా అని తీర్మానం రాసుకుంది. కాగితం మీదే ఉంది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వెంట వేలమంది నడిచి వెళ్ళి ఆ నీళ్ళు తాగేసరికి ఊరు కర్రలు పట్టింది. అదే ఏడాది ఆగస్టు 4న అదే మునిసిపాలిటీ తన తీర్మానాన్ని తనే రద్దు చేసుకుంది. ఊరి మెజారిటీ ఇచ్చింది, ఊరి మెజారిటీ తీసుకుంది. చెరువు మనదని కోర్టులో తేలడానికి 1937 మార్చి దాకా పట్టింది.

చుండూరులో 1991 ఆగస్టులో మనవాళ్ళను చంపడానికి ముందు ఏం జరిగింది? సాంఘిక బహిష్కారం. కూలికి పిలవద్దు, సరుకు అమ్మొద్దు. అదీ ఒక రకంగా స్థానిక చట్టమే! ఊరంతా ఒక మాట మీద ఉండి చేసిందే. ఉత్తర తెలంగాణలో విలేజ్ డెవలప్‌మెంట్ కమిటీల సంగతి చూడండి. ఏ చట్టంలోనూ లేని కమిటీలు. జరిమానాలు వేస్తాయి, మాట వినని కులాన్ని వెలివేస్తాయి. అడిగితే, ఊరు నిర్ణయించింది అంటారు. ఊరు అంటే ఎవరు? వాడ అందులో ఉందా? గ్రామమే స్వరాజ్యం అని అందరూ మురిసిపోతుంటే 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ గ్రామాన్ని అంత కటువుగా ఎందుకు తూలనాడాడో ఇప్పుడు ఇంకెవరూ విప్పి చెప్పక్కర్లేదు.

అయితే ఆ దారే వద్దందామా? నేను అలా అనను. మన పెద్దలు కూడా అనలేదు. చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్తాను. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి అంబేద్కర్, రెట్టమలై శ్రీనివాసన్ కలిసి ఇచ్చిన వినతిపత్రంలో ప్రజాభిప్రాయ ఓటు ఉంది. మా ప్రత్యేక నియోజకవర్గాలను ఎప్పటికైనా మార్చాలంటే ఓటు పెట్టండి అన్నారు. కానీ ఎవరి ఓటు? అణగారిన కులాల ఓటర్ల ఓటు. వాళ్ళలోనే పూర్తి మెజారిటీ రావాలి. అదీ 20 ఏళ్ళు గడిచాక, వయసొచ్చిన ప్రతి మనిషికీ ఓటు హక్కు వచ్చాక. 1932 సెప్టెంబరులో పూనాలో గాంధీతో బేరం సాగినప్పుడు కూడా ఈ ఓటు ఎన్నేళ్ళకు పెట్టాలన్న దానిమీదే పెద్ద పీటముడి పడింది. చివరికి ఒప్పందంలోంచి ఆ మాటే తీసేశారు. కానీ వాళ్ళు గీసిన గీత మనకు మిగిలింది. దెబ్బ ఎవరికి తగులుతుందో ఓటు వాళ్ళది. మా బతుకు మీద మీరు ఓటెయ్యడానికి వీల్లేదు.

ఈ గీత గాల్లో లేదు. పక్కనున్న మహారాష్ట్రలో ఒక చిన్న విషయంలో అమల్లోకి కూడా వచ్చింది. సారా, బ్రాందీ షాపుల విషయంలో. అక్కడి నిబంధన ప్రకారం ఊళ్ళో ఆడ ఓటర్లలో నూటికి 25 మంది షాపు ఎత్తేయమని సంతకాలు పెట్టి ఇస్తే, అధికారులు ఆ సంతకాలు సరిచూసి రహస్య ఓటింగు పెట్టాలి. ఓటు కాగితం మీద రెండు బొమ్మలు. ఒకటి నిలబడ్డ సీసా, ఒకటి పడుకున్న సీసా. షాపు ఉండాలంటే నిలబడ్డ దాని మీద, పోవాలంటే పడుకున్న దాని మీద ముద్ర. చదువు రాకపోయినా పర్వాలేదు. మరాఠీలో ఆడవీ బాట్లీ అంటారు, అడ్డంగా పడ్డ సీసా అని. తాగి వచ్చి కొడితే దెబ్బలు తినేది ఎవరో, ఓటూ వాళ్ళదే.

అందులో మెలిక కూడా ఉంది. పోలైన ఓట్లలో సగం చాలదు. జాబితాలో ఉన్న ఆడ ఓటర్ల మొత్తంలో సగానికి పైగా పడుకున్న సీసాకు పడాలి. చనిపోయిన ముసలమ్మ పేరు, చెరుకు నరకడానికి వలస పోయిన ఆడకూతురి పేరు, పెళ్ళయి వెళ్ళిపోయిన పిల్ల పేరు, ఇవన్నీ షాపు యజమానికి పడ్డ ఓట్లతో సమానం. సంతకం సరిచూసే రోజున, ఓటింగు రోజున ఆడవాళ్ళను ఇంట్లోంచి కదలనివ్వకపోతే చాలు, గెలిచినట్టే. మళ్ళీ జాబితా దగ్గరికే వచ్చాం చూశారా?

మన దగ్గర 1992లో దూబగుంట ఆడవాళ్ళకు ఏ సంతకాల నిబంధనా లేదు, ఓటు కాగితమూ లేదు. సారా కొట్ల ముందు నిలబడ్డారు, వేలం పాటలు ఆపారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో పోయింది. తెచ్చుకున్నది ఆడవాళ్ళు, తీసేసింది ప్రభుత్వం. తీసేసే రోజున వాళ్ళనెవరూ ఓటు అడగలేదు.

మరి మన చేతిలో ఏముంది? సంతకాలు పెట్టి చట్టం చేయించుకునే హక్కు మన రాజ్యాంగంలో లేదు. గ్రామసభ ఉంది. 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చిన 73వ సవరణ ప్రకారం ఊరి ఓటర్ల జాబితాలో ఉన్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యుడే, సభ్యురాలే. షెడ్యూలు ప్రాంతాల్లో 1996 చట్టంతో ఆ సభకు కొంత పదును వచ్చింది. ఒడిషాలో నియమగిరి కొండ మీద బాక్సైటు తవ్వకం గురించి 2013లో సుప్రీంకోర్టు గ్రామసభల్నే అడగమంది. 12 సభలు పెడితే 12 సభలూ వద్దన్నాయి. తవ్వకం ఆగింది. మైదానం ఊళ్ళల్లో సభకు అంత బలం లేదు. ఉన్న బలాన్నయినా వాడుకుంటున్నామా? చాలాచోట్ల సభ జరిగినట్టు ఆఫీసులోనే రాసేసి, రిజిస్టరును వాడలో తిప్పి వేలిముద్రలు వేయించుకుంటారు. మనం వేస్తాం! ఏం రాశారో అడగం.

సభ నిజంగా జరిగినా అక్కడ చేతులెత్తాలి. ఎవరి చెయ్యి లేచిందో ఆసామి చూస్తాడు. రేపు కూలికి పిలవాల్సింది ఆయనే. కాబట్టి మనం అడగాల్సింది ఏమిటంటే, శ్మశానం స్థలం, మంచినీళ్ళు, కూలి, బెల్టు షాపు లాంటి విషయాల మీద వాడ నుంచి ఇంతమంది సంతకాలు పెట్టి ఇస్తే సభలో తప్పనిసరిగా ఎజెండాలోకి రావాలి, రహస్యంగా ఓటు పెట్టాలి. అంతకంటే ముఖ్యం, రాజ్యాంగం ఇచ్చిన హక్కుల్ని, రిజర్వేషన్లను, మన భూమిని, మన తిండిని ఏ ఊరూ ఏ ఓటుకూ పెట్టకూడదు. శ్మశానానికి భూమి ఇవ్వాలని ఊరు ఓటేస్తే తీసుకుంటాం. ఇవ్వొద్దని ఓటేస్తే అది చెల్లదు. ఇది పక్షపాతం కాదా అని మిమ్మల్ని అడుగుతారు. అడగనివ్వండి. శవాన్ని మోసుకుని పంట చేల గట్ల మీద నడిచేది మనం.

సియాటిల్ పేరు మళ్ళీ ఒకసారి ఎత్తాలి. 2023 ఫిబ్రవరి 21న ఆ నగర కౌన్సిల్ కుల వివక్షను నేరుగా పేరు పెట్టి నిషేధించింది. ఆరు ఓట్లు ఇటు, ఒకటి అటు. అక్కడ మనవాళ్ళు ఉన్నారు, మనల్ని కులం అడిగేవాళ్ళూ ఉన్నారు, ఇద్దరూ ఇక్కడి నుంచి పోయినవాళ్ళే. అది సంతకాల చట్టం కాదు, కౌన్సిలర్లు చేసిన చట్టం. ఆ ఏడాదే కాలిఫోర్నియా శాసనసభ ఇలాంటి బిల్లే ప్యాసు చేస్తే అక్టోబరులో గవర్నరు తిప్పి పంపాడు. ఒక దారి మూసుకుంటే ఇంకో దారి చూడాలి. ఏ దారినీ గుడ్డిగా నమ్మొద్దు అనేదే నేను చెప్పేది.

ఇందాక ఒక తమ్ముడు చీటీ పంపాడు. "మా ఊళ్ళో వాడ ఓట్లే ఎక్కువ, మెజారిటీ అంటే మాకెందుకు భయం?" అని. మంచి ప్రశ్న. మీ వాడ చివర డక్కలి వాళ్ళవో, బుడగ జంగాలవో నాలుగు గుడిసెలు ఉంటాయి చూడు. రెండు వందల ఓట్లతో వాళ్ళ జాగా మీద మీరు తీర్మానం చేస్తే వాళ్ళెక్కడికి పోవాలి? ఆడవాళ్ళ విషయంలో మగవాళ్ళు చేతులెత్తితే? మనం ఊరి ముందు గీసిన గీత మన ఇంటి ముందు కూడా గీయాలి.

ఇంకో చీటీ, "ముందు ఏం చేయాలి?" అని. వచ్చే నెలలోగా మీ పోలింగు కేంద్రం ఓటర్ల జాబితా తెచ్చుకోండి. వాడ పేజీలు విడిగా తీయండి. చనిపోయినవాళ్ళు, వలస పోయినవాళ్ళు, పద్దెనిమిది నిండి పేరు ఎక్కనివాళ్ళు ఎవరో ఇంటింటికీ తిరిగి గుర్తు పెట్టండి. ఎక్కించాల్సిన వాళ్ళకు దరఖాస్తులు నింపించండి. వలస పోయినవాళ్ళ పేర్లు మాత్రం ఎవరూ కొట్టేయకుండా చూడండి, వాళ్ళు పండక్కి వస్తారు. అర్జీ రాసేటప్పుడు పేరు జాబితాలో ఎలా ఉందో అలాగే రాయండి, ఒక మనిషి ఒకే సంతకం. వేలిముద్ర అయితే పక్కన సాక్షి. ఒక కాపీ మీ దగ్గర, రసీదు ముద్ర లేకుండా ఆఫీసు నుంచి కదలొద్దు. మధ్యాహ్నం భోజనం తర్వాత మండలాల వారీగా కూర్చుని ఏ వాడకు ఎవరు పోవాలో పేర్లు రాసుకుందాం.